జింకలు చూద్దామని పోతే మీరాలం చెరువు తగిలింది

డబ్లిన్ వచ్చి నాలుగేళ్ళు దాటింది. ఫీనిక్స్ పార్క్ మా ఇంటి నుంచి కార్లో పది నిమిషాలు, ఈ నాలుగేళ్ళలో తక్కువలో తక్కువ యాభై సార్లు వెళ్ళుంటా, కానీ ఎందుకు వెళ్ళానూ అంటే క్రికెట్. అక్కడ 1830 లో పెట్టిన క్రికెట్ క్లబ్బొకటి ఉంది, ఐర్లాండ్ మొత్తమ్మీద అదే పాతది, వాళ్ళు తెల్ల బట్టలేసుకుని పద్ధతిగా ఆడతారు, మేం మాత్రం దూరంగా చెట్ల కింద టెన్నిస్ బాల్‌తో, బ్యాగులు రెండు పెట్టి అవే వికెట్లు అనుకుని, నోబాలా కాదా అని గంట కొట్లాడుకుని ఇంటికొచ్చేవాళ్ళం. పార్కులో ఇంకేమున్నాయో చూద్దామన్న ఆలోచన ఒక్కనాడు రాలేదు నిజంగా.

మొన్న జులైలో అమ్మా నాన్నా వచ్చారు. సిటీ రెండ్రోజుల్లో అయిపోయింది, సముద్రం ఒడ్డు కొండలు చూపించాం, అక్కడ గాలికి అమ్మ చీర కొంగు పట్టుకోవడమే సరిపోయింది, ఇంక నన్ను కార్లో తిప్పకురా మోకాళ్ళు పట్టేస్తున్నయ్ అంది. సరే అని శనివారం పొద్దున పులిహోర, ఆలుగడ్డ వేపుడు డబ్బాల్లో కట్టుకుని, అమ్మా నాన్నా, మా ఆవిడ, ఏడేళ్ళ మా చిన్నది, నేను, అయిదుగురం పార్కుకి బయల్దేరాం. జింకలు చూసి, తిని, పడుకుని వచ్చేద్దాం, అంతే ప్లాన్.

దార్లో నాన్న అడిగాడు ఎంతుంటదిరా ఈ పార్కు అని. 707 హెక్టార్లు అన్నా. "ఎకరాల్లో చెప్పు" అన్నాడు. 1,750 ఎకరాలు. కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "ఇంత జాగ ఊరి నడిమిట్ల పెట్టుకుని ఎవ్వరు ప్లాట్లు చేసి అమ్మలేదా?" అన్నాడు. హైదరాబాద్ మనిషికి ఇంకో ప్రశ్న ఎందుకొస్తుంది లెండి.

అమ్మలేదు. 1662 లో ఇంగ్లండ్ రాజు తరఫున ఐర్లాండ్‌ని ఏలుతున్న ఆర్మండ్ డ్యూక్ అనే ఆయన వేట కోసం ఈ భూమంతా పట్టి గోడ కట్టించి జింకల్ని వదిలాడు. గోడ ఇప్పటికీ ఉంది, చుట్టూ 11 కిలోమీటర్లు. తర్వాత 1740ల్లో చెస్టర్‌ఫీల్డ్ అనే ఇంకో వైస్రాయ్ చెట్లు నాటించి జనాన్ని రానిచ్చాడు, నడిమధ్యలో పోయే పెద్ద రోడ్డుకి ఆయన పేరే. ఆయనే ఒక స్తంభం కూడా పెట్టించాడు, పైన మంటల్లోంచి లేస్తున్న ఫీనిక్స్ పక్షి. కామెడీ ఏంటంటే ఈ పేరుకీ పక్షికీ సంబంధమే లేదంట, ఐరిష్‌లో ఫ్యున్ ఇష్క అంటే తేట నీళ్ళు, అక్కడో ఊట ఉండేది, ఇంగ్లీషు వాళ్ళ నోట్లో పడి అది ఫీనిక్స్ అయ్యింది. అంటే తప్పుగా విన్న పేరుకి విగ్రహం కూడా కట్టేశారన్నమాట.

ఆ పెద్ద రోడ్డు పొడుగూతా గ్యాస్ దీపాలు, నిజమైన గ్యాస్ దీపాలే, రెండొందల పైన ఉన్నాయి, వాటిని చూసుకునే మనుషులు ఇంకా ఉన్నారు. నేను నాలుగేళ్ళుగా అవి డెకరేషన్ కోసం పెట్టిన ఎలక్ట్రిక్ లైట్లనుకున్నా. నాన్న కార్లోంచి చూసి "అందులో మంట ఉన్నట్టుంది రా" అంటే గానీ తెలీలేదు.

ముందు విజిటర్ సెంటర్‌కి పోయాం, దాని పక్కనే ఆష్‌టౌన్ క్యాజిల్ అని చిన్న రాతి బురుజు. దీని కథ నాకు భలే నచ్చింది. ఇక్కడ పెద్ద బంగళా ఒకటుండేది, ఒకప్పుడు బ్రిటిష్ అధికారిది, తర్వాత పోప్ తరఫు రాయబారి ఉండేవాడు, చివరికి కలప కుళ్ళిపోయి 1978 లో కూలగొడుతుంటే గోడల లోపల్నుంచి ఈ పాత బురుజు బయటపడింది. పాత కోటని కూలగొట్టే ఓపిక లేకో ఏమో దాని చుట్టూనే ఇల్లు కట్టేసుకున్నారు. బంగళా పోయింది, బురుజు మిగిలింది. బంగళా ఉన్న చోట ఇప్పుడు మోకాలెత్తు పొదలతో చిన్న చిక్కుదారి పెంచారు, మా చిన్నది అందులో ఇరవై నిమిషాలు తిరిగింది, పొదలు దాని నడుం దాకా కూడా లేవు, దారి ఎటో క్లియర్‌గా కనిపిస్తోంది, అయినా "తాతా నేను తప్పిపోయా" అని అరుస్తోంది, తాత "అయ్యో ఎటు పోయినవ్ బిడ్డా" అని పక్కనే నిలబడి వెతుకుతున్నాడు.

ఇక్కడే శనివారాల్లో ప్రెసిడెంట్ బంగళా చూపించే ఫ్రీ టూర్‌కి టికెట్లిస్తారు, ముందొచ్చినోళ్ళకి ముందు. మేం పులిహోర తాలింపు వేసుకుని తీరిగ్గా పదకొండున్నరకి పోయాం కాబట్టి అయిపోయినయ్. మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను, ఎందుకంటే ముందు రోజు రాత్రే పొద్దున్నే పోదాం అని చెప్పింది తను.

సరే జింకలు. ఫిఫ్టీన్ ఏకర్స్ అనే మైదానం దగ్గరుంటాయి, పేరుకి పదిహేనెకరాలు, చూస్తే దాదాపు రెండొందలెకరాలు, ఎవరు కొలిచారో గానీ మన పట్వారీల దగ్గర ట్రైనింగ్ అయినట్టున్నాడు. మొత్తం ఆరొందల దాకా జింకలు, ఆ 1660ల నాటి మంద తాలూకు వంశమే. పొద్దున్నుంచి అమ్మ బ్యాగులో జిప్ కవర్లో క్యారెట్ ముక్కలు మోస్తోంది, నాకు తెలీదు. జింకలకి ఏమీ పెట్టకూడదు, 50 మీటర్ల దూరం ఉండాలి, బోర్డులన్నిట్లో రాసుంది. మనం దూరంగానే కూర్చున్నాం, కానీ ఆ బోర్డు జింకలు చదవవు కదా, ఓ పోతు జింక మెల్లగా నడుచుకుంటూ మా దుప్పటి దగ్గరికొచ్చేసింది. జులైలో కొమ్ములు ఇంకా పెరుగుతుంటాయి, పైన ముఖమల్ గుడ్డ చుట్టినట్టు నూగు తోలు, ఆ కొమ్ము మీద చిన్న ఈగ వాలితే చెవి ఒక్కటే ఇలా కదిపింది, అంత దగ్గర్నుంచి చూశా. అమ్మ చెయ్యి బ్యాగులోకి పోయింది. సరిగ్గా అప్పుడే కుక్కని తిప్పుకుంటూ పోతున్న ఓ ముసలాయన ఆగి, చాలా మర్యాదగా, దయచేసి పెట్టకండమ్మా, మనుషులు పెట్టీ పెట్టీ వీటికి అడుక్కోవడం అలవాటైపోయింది, రోడ్ల మీదకొస్తున్నాయి అన్నాడు. నేను తెలుగులో చెప్పా. అమ్మ నెమ్మదిగా చెయ్యి బయటికి తీసి ఆ క్యారెట్ తనే నోట్లో వేసుకుంది, ఆయన్ని చూసి నవ్వింది కూడా. జింక కాసేపు చూసి, వీళ్ళ దగ్గర పని కాదనుకుని పోయింది.

మేం కూర్చున్న చోటికి ఎదురుగానే పెద్ద తెల్ల సిలువ, మట్టి దిబ్బ మీద, 35 మీటర్లు. 1979 సెప్టెంబర్ 29 న పోప్ జాన్ పాల్ వచ్చినప్పుడు కట్టింది. ఆ రోజు ఈ మైదానంలో పది లక్షల మందికి పైగా చేరారు, అప్పటి ఐర్లాండ్ జనాభానే 34 లక్షలు అటూ ఇటూ. దేశంలో దాదాపు మూడోవంతు ఒక్క గడ్డి మైదానంలో! "మేడారం లెక్క" అన్నాడు నాన్న పులిహోర తింటూ. అంతకన్నా బాగా నేను చెప్పలేను. గాలికి ప్లేట్లు మాత్రం నిలవలేదు, వేపుడు సగం గడ్డిలోకి పోయింది.

తిన్నాక పెద్ద రోడ్డు పక్కన కాలిబాట మీద నడుస్తుంటే మా ఆవిడ ఫోన్లో ఏదో చదువుతూ ఆగమంది. గడ్డిలో ఏదో ఉండాలంట. వెతగ్గా వెతగ్గా దొరికింది, గడ్డిని సిలువ ఆకారంలో కోసి కంకర నింపిన గుర్తు, చిన్నది, తెలీకపోతే తొక్కుకుంటూ పోతాం, నేనైతే ఎన్ని సార్లు తొక్కానో. పేరు లేదు, బోర్డు లేదు. 1882 మే 6 న సాయంత్రం ఇద్దరు పెద్ద బ్రిటిష్ అధికారుల్ని ఇక్కడే పొడిచి చంపారు, ఒకాయన లార్డ్ ఫ్రెడరిక్ కావెండిష్, ఐర్లాండ్‌కి చీఫ్ సెక్రటరీగా అదే రోజు వచ్చి పదవి తీసుకున్నాడు పాపం, రెండో ఆయన బర్క్, ఎన్నాళ్ళ నుంచో ఇక్కడే పని చేస్తున్నవాడు. చంపడానికి వచ్చినవాళ్ళకి కావాల్సింది బర్కే. ఇన్విన్సిబుల్స్ అని బ్రిటిష్ పాలన వద్దనే రహస్య గుంపు, సర్జరీ చేసే కత్తులు తెచ్చుకున్నారు. తర్వాత వాళ్ళలో ఒకడు, కేరీ అని, అప్రూవర్‌గా మారాడు, అయిదుగుర్ని ఉరి తీశారు, ఆ కేరీని పేరు మార్చి ఆఫ్రికాకి పంపించేస్తుంటే ఓడలోనే ఇంకొకాయన కాల్చి చంపాడు. అమ్మ ఇదంతా విని "వచ్చిన రోజే పాపం" అంది, ఓ నిమిషం ఆగి "అయినా వాళ్ళు మాత్రం ఏం తక్కువ చేసిన్రు" అంది. పక్షం ఎటో తేలలేదు ఆవిడకి. నాకూ తేలలేదు.

అక్కడ్నుంచి రోడ్డుకి అటు చూస్తే ప్రెసిడెంట్ ఉండే తెల్ల బంగళా. 1751 లో కట్టింది, మొదట పార్కు చూసుకునే అధికారి ఇల్లు, తర్వాత బ్రిటిష్ వైస్రాయ్‌ల ఇల్లు, ఇప్పుడు ఐరిష్ ప్రెసిడెంట్‌ది. చర్చిల్ వాళ్ళ తాత ఇక్కడ వైస్రాయ్‌గా ఉన్నప్పుడు ఆ పిల్లాడు ఈ పార్కులోనే పెరిగాడు, గాడిద బెదిరి కింద పడేస్తే తలకి దెబ్బ కూడా తగిలింది. ఆ గాడిద గురించి నాన్న ఒక మాటన్నాడు, వద్దులెండి.

ఈ బంగళా వంటింటి కిటికీలో ఎప్పుడూ ఒక దీపం వెలుగుతుంటుంది. 1990 లో మేరీ రాబిన్సన్ ప్రెసిడెంట్ అయ్యాక పెట్టింది, బతుకుతెరువుకి దేశాలు పట్టిపోయిన ఐరిష్ వాళ్ళందరి కోసం, మీ ఇల్లు ఇక్కడుంది అని. నేను కొంచెం ఎమోషనల్‌గానే చెప్పా అమ్మకి ఇది. అమ్మ చూసి, పట్టపగలు కూడా వేసే ఉంచుతరా అంది. అంతే. నాన్న మాత్రం చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాడు. ఎందుకంటే ఆయనకో విషయం చెప్పా, మన వి.వి.గిరి 1913 లో లా చదవడానికి డబ్లిన్ వచ్చాడని. ఆయన పుట్టింది బరంపురంలో అయినా తెలుగు కుటుంబమే కదా. 1916 లో ఇక్కడ బ్రిటిష్ వాళ్ళ మీద తిరుగుబాటు జరిగినప్పుడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు, ఆ ఏడాదే దేశం వదిలి ఇండియాకి పోవాల్సొచ్చింది, 1969 లో మనకి రాష్ట్రపతి అయ్యాడు. "చదువుకునేటప్పుడు ఆదివారం పూట ఈడికే వచ్చుంటడు, ఇంకేడికి పోతడు" అని నాన్న డిసైడ్ చేసేశాడు. దానికి ఆధారం లేదు నాన్నా అంటే "ఆధారం ఎందుకురా, స్టూడెంటు, ఫ్రీ పార్కు" అన్నాడు. లాజిక్ కరెక్టే.

ఇంక అసలు సంగతి. పార్కు ఊరి వైపు చివర్న పెద్ద రాతి స్తంభం ఉంటుంది, వెల్లింగ్టన్ స్మారకం. 62 మీటర్లు, మన చార్మినార్ కన్నా ఎత్తు, యూరప్‌లో ఈ తరహా వాటిల్లో ఇదే పొడుగు. ఊళ్ళో సగం నుంచి కనిపిస్తుంది కాబట్టి నాకు బాగా తెలిసిందే, తెలిసిందంటే దూరం నుంచి. వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ డబ్లిన్‌లో పుట్టినవాడని కట్టారు. 1817 లో మొదలుపెట్టి డబ్బుల్లేక ఆపేసి 1861 లో పూర్తి చేశారు, 44 ఏళ్ళు, మన ఫ్లైఓవర్లని ఇంకెప్పుడూ తిట్టను. గుర్రం మీద ఆయన విగ్రహం కూడా పెట్టాలనుకున్నారు గానీ దానికీ డబ్బుల్లేవు.

అడుగున వాలుగా పెద్ద రాతి మెట్లు, ఆ పక్కన ఏటవాలు రాళ్ళు ఎన్నో ఏళ్ళ నుంచి పిల్లలు జారీ జారీ నున్నగా అయిపోయాయి. మా చిన్నది చూసిన వెంటనే చెప్పులు విప్పేసింది. నేను దాని కోసం కింద నిలబడి ఉంటే నాన్న చేతులు వెనక్కి కట్టుకుని స్తంభం చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు, నాలుగు వైపులా నల్లగా కంచు పలకలున్నాయి, వాటర్లూలో పట్టుకున్న ఫిరంగులు కరిగించి పోసినవి. కాసేపటికి అటు నుంచి గట్టిగా కేక. "ఒరేయ్ ఇటు రా, ఈడ ఇండియా ఉంది!"

పోయి చూస్తే నిజమే. ఒక పలక వాటర్లూ, ఒకటి మత స్వేచ్ఛ చట్టం గురించి, ఒకటి ఇండియన్ యుద్ధాలు. నాలుగోదాని మీద అక్షరాలే, యూరప్‌ని, ఏసియాని నువ్వే కాపాడావని పొగిడే పద్యం. ఏసియాని కాపాడాడంట! ఎవర్నుంచో మరి. ఎందుకంటే ఈ వెల్లింగ్టన్ అప్పటికి ఇంకా వెల్లింగ్టన్ కాదు, ఆర్థర్ వెల్లెస్లీ, 1799 లో శ్రీరంగపట్నం మీద పడి టిప్పు సుల్తాన్‌ని చంపిన యుద్ధంలో ఈయనా ఉన్నాడు, వాళ్ళ అన్నే అప్పుడు ఇండియాలో బ్రిటిష్ గవర్నర్ జనరల్. ఇక్కడి దాకా నాకు స్కూల్లో చదివింది కొంచెం గుర్తుంది. ఆ తర్వాతది నాన్న చెప్పాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, బహదూర్‌పురా రూట్లో ఎన్ని వేల ట్రిప్పులు తిరిగాడో లెక్కలేదు.

"మీరాలం చెరువు ఎవరు కట్టించిన్రో తెల్సా?" అన్నాడు.

తెలీదు. ప్రతి ఎండాకాలం హైదరాబాద్ జూ పార్కుకి పోయి ఆ చెరువు గాలి పీల్చినవాణ్ణి, తెలీదు. మీర్ ఆలం నిజాం తరఫున టిప్పు మీదకి పోయిన సైన్యానికి పెద్ద. నిజాం అప్పుడు బ్రిటిష్ వాళ్ళ పక్షం. ఆ నిజాం సైన్యంతో పాటు నడిచిన తెల్లోళ్ళ పటాలానికి పెద్ద ఎవరంటే ఇదిగో ఈ స్తంభం మీదాయనే, అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. గెలిచాక దోపిడీ పంచుకున్నారు, మీర్ ఆలం తన వాటా డబ్బుతోనే ఆ చెరువు కట్టించాడని మా వైపు చెప్పుకుంటారు. 1804 లో మొదలుపెట్టి రెండేళ్ళలో అయిపోయింది, కట్ట తిన్నగా ఉండదు, 21 సగం గుండ్రాలు వరసగా పేర్చినట్టుంటుంది, ఇప్పటికీ నిలబడే ఉంది. నాన్న వేలితో గాల్లో ఆ గుండ్రాలు గీసి చూపిస్తున్నాడు, ఇట్లా ఇట్లా అని, పక్కన ఫోటోలు తీసుకుంటున్న జంట ఏమనుకున్నారో.

అంటే ఒకే కోట దోచుకున్న ఇద్దర్లో ఒకడి పేరు మీద ఇక్కడ స్తంభం, పిల్లలు జారతారు. ఇంకొకడి పేరు మీద అక్కడ చెరువు, పక్కనే జూ. ఇక్కడ కూడా స్తంభానికి కొంచెం దూరంలో జూ ఉంది, 1831 నాటిది, ఎమ్జీఎం సినిమాల ముందు సింహం వచ్చేది చూడండి, వాటిల్లో మొట్టమొదటిది స్లాట్స్ అని, 1919 లో ఈ జూలోనే పుట్టింది. లోపల ఏనుగులుండే చోటికి కాజీరంగా అని పేరు పెట్టారు. నాన్నకి జూ చూపిద్దామనుకున్నా గానీ టికెట్ ఎంతో ఫోన్లో చూసి "నెహ్రూ జూలో పులులు లేవా" అని కొట్టిపారేశాడు.

టిప్పు మన వాడా, నిజాం మన వాడా, అసలు ఇందులో మనం ఎవరి పక్షం అని ఆ మెట్ల మీద కూర్చుని మేం అరగంట వాదించుకున్నాం. మా ఆవిడది కడప, వాళ్ళ జిల్లాని టిప్పు దగ్గర్నుంచి నిజాం తీసుకుని మళ్ళీ 1800 లో బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చేశాడు, దత్త మండలాలు అంటే అవే కదా, కాబట్టి తనకి ముగ్గురి మీదా కోపమే. "మమ్మల్ని అడగకుండా చేతులు మార్చిన్రు అందరూ" అని మా నాన్న యాసని వెక్కిరిస్తూ అంది. మామూలుగా మామయ్యతో అంత చనువుగా మాట్లాడదు. నాన్న నవ్వేశాడు.

ఒక్క ముక్క మర్చిపోయా, స్తంభానికి కొంచెం అవతల గుట్ట మీద మ్యాగజైన్ ఫోర్ట్ ఉంది, 1735 లో కట్టిన మందుగుండు కోట. లోపలికి పోలేదు, బయట్నుంచే చూశాం. 1916 ఈస్టర్ సోమవారం నాడు తిరుగుబాటు ఇక్కడ ఎలా మొదలైందంటే, కుర్రాళ్ళు కొందరు కోట ముందు ఫుట్‌బాల్ ఆడుతున్నట్టు నటిస్తూ బంతిని గేటు దాకా తన్నుకుంటూ పోయి, కాపలా వాళ్ళు అలా చూస్తుండగానే లోపలికి దూకేశారు. అంతా పేల్చేద్దామని ప్లాన్. తీరా చూస్తే అసలు మందుగుండు గది తాళంచెవి లేదు, అది దగ్గరుంచుకున్న అధికారి గుర్రప్పందేలకి పోయాడు. చిన్న గదుల్లో ఉన్నది మాత్రం పేలింది, పెద్దది పేలలేదు. ఈ కథ విన్నాక నాకు మా టెన్నిస్ బాల్ బ్యాచ్ గుర్తొచ్చింది, మేం గనక ఆ రోజు ఉండుంటే గేటు ముందు నోబాల్ గొడవ దగ్గరే ఆగిపోయేవాళ్ళం.

ఆరవుతుంటే సన్నగా తుంపర మొదలైంది. పదండి అంటే నాన్న కదలట్లేదు, వాట్సాప్‌లో డిపోలో తనతో పాటు పని చేసిన దోస్తుకి వీడియో కాల్ చేశాడు, హైదరాబాద్‌లో అప్పటికి రాత్రి పదిన్నర, ఆయన బనీన్‌తో మంచం మీదున్నాడు. "అరే మీరాలం చెరువు లేదా, ఆని దోస్తుగాని స్తంభం ఈడుంది రా, చూడు చూడు" అని ఫోన్ పైకెత్తి చూపిస్తున్నాడు, అవతలాయన "ఏం కనిపిస్తలేదు, ఆకాశమే కనిపిస్తుంది, జరంత కిందికి దించు" అంటున్నాడు, ఈయన దించితే మా చిన్నది బర్రున జారుకుంటూ కెమెరా ముందుకొచ్చింది, లెగ్గింగ్ వెనకాల చిరుగు.